మా మేనత్త విని ఉంచిన మాట

మేనత్త పోయిందని కబురు వచ్చినప్పుడు నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. మా బంధువుల్లో ఇప్పుడిదొక కథ. "ఇల్లంతా ఏడస్తా ఉంటే ఆ పిల్ల తలుపేసుకోని పాటలు వింటా ఉండిందంట." పురసవాక్కంలో మా ఇంట్లో మొదలైన ఈ మాట కోడంబాక్కంలో అత్తవాళ్లింటికి చేరేసరికి నేను పాటకి కాలు కూడా ఊపుతున్నానట.

నేను వింటున్నది పాటలు కాదు. మేనత్తనే. ఆమెతో చేసిన రికార్డింగు ఎడిట్ చేస్తున్నాను. అమ్మ వచ్చి భుజం పట్టుకునేటప్పటికి నా చెవుల్లో అత్త నవ్వుతోంది. అమ్మ పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. హెడ్‌ఫోన్లు తీశాను. "అత్త పోయిందే" అంది అమ్మ. తెల్లవారుజామున, నిద్రలోనే. తీసి ఒళ్లో పెట్టుకున్న హెడ్‌ఫోన్లలోంచి ఆ నవ్వు ఇంకా సన్నగా వస్తూనే ఉంది.

మా ఇంట్లో హెడ్‌ఫోన్లకి ఒకటే అర్థం: మీరెవరూ నాకు అక్కర్లేదు. భోజనానికి పిలిస్తే పలకలేదని, చుట్టాలొస్తే లేవలేదని, అన్ని నేరాలకీ వాటినే చూపిస్తారు. వినకుండా ఉండటానికి పెట్టుకునేవాళ్లు వేరు, బాగా వినటానికి పెట్టుకునేవాళ్లు వేరు అని నేను చెప్పీ చెప్పీ విసిగిపోయాను. ఆ తేడా తెలిసిన మనిషి మా వంశంలో ఒక్కతే. ఆమే పోయింది.

ఆ రికార్డింగు మీదే ఇప్పుడు ఇంట్లో గొడవ. ఉన్నదున్నట్టు వినిపించాలని నేను. అత్త మాటని 'శుభ్రం' చేసి వినిపించాలని వాళ్లు. గొడవ సంగతికి వచ్చే ముందు మనిషి గురించి చెప్పాలి.

మా నాయనకి అక్క ఆమె. ఎప్పుడో ముత్తాతల కాలంలో వ్యాపారానికి మద్రాసు వచ్చి ఉండిపోయిన కుటుంబం మాది. మగవాళ్లంతా బట్టల అంగళ్లలో గల్లాల దగ్గర కూర్చున్నారు. అత్త కోడంబాక్కంలో డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడింది. తమిళంలో తీసిన సినిమాలు తెలుగులోకి వచ్చేటప్పుడు తెరమీద ఎవరో నోరు కదిపితే మాట అత్తది. హీరోయిన్‌కి కాదు. హీరోయిన్ స్నేహితురాలికి, పక్కింటావిడకి, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చే నర్సుకి, అన్నిటికంటే ఎక్కువగా తల్లులకి. ఏడుపులకైతే ప్రత్యేకంగా పిలిపించేవాళ్లు. "నా ఏడుపుకి చచ్చినోడు గూడా లేచి కూర్చుంటాడు" అని గొప్పలు పోయేది. అదే మనిషి బంధువుల చావులకి వెళ్తే ఒక మూల కూర్చుని మంచినీళ్లు తాగి ఊరుకునేది. సినిమాల్లో అంత ఏడుస్తాది, ఈడ ఒక్క చుక్క రాల్చదే అని ఆడవాళ్లు సణిగితే, "ఏం చేసేది, ఈడ డైరెక్టరు యాక్షన్ చెప్పలేదు గదమ్మా" అనేది.

గొంతు గురించి ఆమెకున్న గర్వం ఇంతా అంతా కాదు. ఐస్‌క్రీమ్ ముట్టదు. పెళ్లిళ్లలో బ్యాండు దగ్గర నిలబడి మాట్లాడదు, సైగలు చేస్తుంది. ఎవరైనా గట్టిగా అరిచి మాట్లాడితే రెండు వేళ్లు ఎత్తి, రేడియో గొంతు తగ్గించినట్టు గాల్లో తిప్పేది. మా నాయన మీద ఆ వేళ్లు ఎప్పుడూ పని చేయలేదు.

గాజుల సంగతి మా వాళ్లందరూ చెప్తారు, అందరూ తప్పుగానే చెప్తారు. అసలు జరిగింది ఇది. మైకు ముందు గాజులు గలగలమంటే టేకు పాడవుతుంది. అందుకని అత్త థియేటర్లోకి పోగానే గాజులన్నీ తీసి రుమాల్లో మూట కట్టుకునేది. పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం వాటిని మళ్లీ వేసుకోవడం మరచి అట్లాగే ఇంటికి వచ్చేసింది. వాకిట్లో పూలు కడుతున్న అత్తగారు కోడలి బోసి చేతులు చూసి, కొడుక్కి ఏదో అయిపోయిందని గుండెలు బాదుకుంది. వీధి వీధంతా చేరింది. ఆ గుంపుని తోసుకుంటూ, చేతిలో అరటిపళ్లతో, "ఎవరికేమైంది?" అని అడుగుతూ వచ్చింది ఆ కొడుకే. పుణ్యస్త్రీ గాజులు తీసే ఉద్యోగం మనకెందుకని పంచాయితీ పెట్టారు. అత్త మానలేదు. రుమాలు మాత్రం పెద్దది కొన్నది, కనపడేట్టు.

కొన్నేళ్ల కిందట మామ నిజంగానే పోయారు. గాజులు తీయించే తంతుకి ఆడవాళ్లు చుట్టూ చేరి చేతులు పట్టుకోబోతే, "మీరు జరగండి. నాకు తీసే అలవాటుండాది" అంది. ఒక్కొక్కటే, చప్పుడు కాకుండా, తనే తీసి పక్కన పెట్టింది. ఏడవడానికి సిద్ధంగా వచ్చిన వాళ్లకి ఏం చేయాలో తోచలేదు. కొన్నాళ్లు పోయాక మళ్లీ వేసుకుంది. ఎవరో అడగనే అడిగారు. "ఇప్పుడు రికార్డింగ్ లేదు గదా" అంది అత్త.

నేను విస్కామ్, అంటే విజువల్ కమ్యూనికేషన్, చదివాను. అంబత్తూరులో మిషన్లు తయారుచేసే కంపెనీకి ప్రచార వీడియోలు తీశాను, మానేశాను, ఇంకోచోట చేరాను, అదీ మానేశాను. ఆ తర్వాత మాలాంటి మద్రాసు తెలుగు ఇళ్ల కబుర్లతో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాను. నాయన లెక్కలో అది ఉద్యోగం లేని పిల్ల గదిలో తనలో తాను మాట్లాడుకోవడం. అత్తకి మొదటి ఎపిసోడ్ పంపాను. విని ఫోన్ చేసింది. ఆడపిల్లని ఒసే అనడానికి మా ఇళ్లలో మే అంటారు.

"బాగుండాది మే. ఇంతకీ నీతోబాటు కూర్చున్నది ఎవురు?"

"ఎవరూ లేరత్తా. నేనొక్కదాన్నే."

"లేదు లేదు. మొదుట్నించీ ఒకరు గొణగతానే ఉండారు. మధ్యలో నిలిపేసి, గొంతు సవరించుకోని, మళ్లీ ఎత్తుకున్నారు."

మళ్లీ విన్నాను. మా ఫ్రిజ్.

"గెస్టుగా పిలిచినప్పుడు పేరన్నా చెప్పాల గదా" అంది.

మర్నాడే కోడంబాక్కం పిలిపించుకుంది. రికార్డ్ చేసేటప్పుడు చెవులకి ఏం పెట్టుకున్నావని అడిగితే ఏమీ లేదన్నాను. మాట్లాడేది నేనే, నా మాట నాకు వినపడుతూనే ఉంటుంది కదా అన్నాను. నెత్తి మీద ఒకటి మొట్టింది.

"నీకు వినపడేది నీ తలకాయలోని మాట. మైకుకి పోయేది వేరే. చెవికి మర్యాదెక్కువ మే. ఇంట్లో రోజూ ఉండే చప్పుళ్లన్నీ విననట్టు ఊరుకుంటాది. మైకుకి మర్యాద లేదు. పక్కింటోళ్ల గొడవ గూడా రాసిపెట్టుకుంటాది."

మీలో చాలామంది నాలాగే ఫోనుకో ల్యాప్‌టాప్‌కో ఒక మైకు తగిలించుకుని పాడ్‌కాస్ట్ మొదలుపెట్టి ఉంటారు. హెడ్‌ఫోన్లు ఎడిటింగ్‌కి అనుకుంటారు. అక్కడే తప్పు. ఎడిటింగ్‌లో వింటే తెలిసేది ఏం పాడైందో. రికార్డింగ్‌లో వింటే పాడు కాకుండా ఆపొచ్చు. ప, బ, భ దగ్గర గాలి మైకుని గుద్దుతోందని అప్పుడే తెలిస్తే మూతి కొంచెం పక్కకి తిప్పుకుంటారు. కొంగు మైకుకి రాసుకుంటోందని తెలిస్తే సర్దుకుంటారు. మంచి మైకు బల్ల మీద ఠీవిగా నిలబడి ఉండగా ల్యాప్‌టాప్ తన సొంత మైకుతో రికార్డ్ చేసుకుంటూ పోవడం మీలో ఎంతమందికి జరగలేదు? హెడ్‌ఫోన్లు ఉంటే మొదటి మాటకే దొరికిపోతుంది. "అంతా అయినాక తెలిస్తే ఏం లాభం, గెస్టు ఇంటికి పోయి నిద్రపోతా ఉంటాడు" అనేది అత్త. మనిషిని మళ్లీ పిలవొచ్చు, మాట మళ్లీ అట్లాగే రాదు.

దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడైతే ఇంకా ముఖ్యం. ఒక పాత చీరల వ్యాపారితో ల్యాప్‌టాప్ స్పీకర్లో మాట్లాడుతూ రికార్డ్ చేశాను. ఆయన మాట నా స్పీకర్లోంచి వచ్చి నా మైకులో దూరి మళ్లీ ఆయనకే చేరుతోంది. తన మాటకి ఎవరో అడ్డొస్తున్నారనుకుని ఆయన పాపం మధ్య మధ్యలో "చెప్పండి, చెప్పండి" అని ఆగుతున్నాడు. అది విని అత్త కడుపు పట్టుకుని నవ్వింది. "ఆయన మాట ఆయనకే అప్పగించినావు గదే, పుట్టింటికి పంపినట్ట."

నాకింకో షోకు ఉండేది. ఫొటోల్లో గాయకులు పెట్టుకున్నట్టు ఒక చెవి మీద పెట్టి, ఇంకోటి వెనక్కి తోసేదాన్ని. అత్త దాన్ని లాగి సరిగ్గా పెట్టేది. తెరిచిన వైపు నుంచి శబ్దం కారి మైకులో పడుతుందట. చెవి మొత్తాన్ని కప్పేవి కొనుక్కోమంది, బయటికి కారని రకం. ఫొటో కావాలంటే వేరేగా తీయించుకోమంది.

అన్నిటికంటే పెద్ద పాఠం పాఠంలా చెప్పలేదు. నా పాడ్‌కాస్ట్‌కి తనే గెస్టుగా వచ్చిన రోజు తెలిసింది. కోడంబాక్కం స్టేషనుకి దగ్గర్లో వాళ్ల ఫ్లాటు. మధ్యాహ్నం పూట, రైళ్లు పలచగా ఉండే వేళ చూసుకుని కూర్చున్నాం. ఫ్యాను ఆపేసింది, ఫ్రిజ్ ఆపేసింది, గాజులు రుమాల్లో కట్టేసింది. తన హెడ్‌ఫోన్లు తను పెట్టుకుంది. నేను ప్రశ్నల కాగితం సర్దుకుంటూ నావి ఇంకా మెడకే వేలాడేసుకుని ఉన్నాను. మొదటి ప్రశ్న అడిగాను. పలకదు. మళ్లీ అడిగాను. నా మెడ వైపు చూపించింది.

"నువ్వు వినకుండా నేను ఎవురితో మాట్లాడేది?"

పెట్టుకున్నాక ఆమె ముఖంలో వచ్చిన మార్పు చూడాలి. ఎదుటి మనిషి తన ఊపిరితో సహా వింటోందని తెలిసిన మనిషి మాట్లాడే తీరే వేరు. గొంతు పెంచాల్సిన పని లేదు. ఇంట్లో పదిమందికీ వినపడేట్టు మాట్లాడే అత్త ఆ రోజు గుసగుసకి కొంచెం పైన మాట్లాడింది, నేను అంతకుముందు ఎన్నడూ వినని అత్త.

ఒక మాట గురించి ఇక్కడ చెప్పాలి. మా ఇళ్లలో ఇక్కడ అనం, ఈడ అంటాం. అక్కడ అనం, ఆడ అంటాం. అత్త డబ్బింగ్‌కి వెళ్లిన కొత్తల్లో, ఢిల్లీ బంగళాలో పట్టుచీర కట్టుకుని మెట్లు దిగే తల్లికి గొంతు ఇస్తూ "ఈడ కూర్చో నాయనా" అనేసింది. మాటల రచయిత గదిలోంచి బయటికి వచ్చి, "అమ్మా, ఈ తల్లి నెల్లూరు బస్సు ఎప్పుడు దిగింది?" అన్నాడట. థియేటరంతా నవ్వారు. ఆ రోజు నుంచి అత్త చెవుల్లో తమిళం, నోట్లో పుస్తకం తెలుగు, మధ్యలో కాపలా. తన గొంతులో ఈడ మెదిలితే హెడ్‌ఫోన్లలో తనే ముందు పట్టుకునేది, ఇంజినీరు కంటే ముందు చెయ్యెత్తేది. జీవితమంతా అట్లా ఎత్తింది.

ఆ మధ్యాహ్నం ఏడుపు ఎట్లా పలుకుతారో నాకు చెప్తోంది. "కళ్లల్లో నీళ్లు మైకుకి కనపడవు మే. ఏడుపు ఈడ నించి రావాల" అని మెడ కింద, ఎముకల మధ్య గుంట మీద వేలు పెట్టుకుంది.

పెట్టుకున్న వేలు అట్లాగే ఉంది, రెండో చెయ్యి పైకి లేచింది. టేకు ఆపమని. అలవాటు.

ఇద్దరం ఆగాం. నా చెవుల్లో ఆమె ఊపిరి. తర్వాత చక్కగా, సినిమాలో తల్లిలా, "ఏడుపు ఇక్కడి నుంచి రావాలి" అంది. తన గొంతుని తనే హెడ్‌ఫోన్లలో విన్నది. విని నవ్వింది.

"ఇది ఎవురి గొంతో. ఆ బంగళా ఆమెది. వద్దులే మే, ముందుదే ఉండనీ. నేను ఈడ మాట్లాడేది నా మాట గదా."

అమ్మ నా భుజం పట్టుకున్నప్పుడు నా చెవుల్లో ఉన్నది ఆ నవ్వే. రికార్డింగులో ఆ నవ్వు తర్వాత ఆమె ఎన్నిసార్లు ఈడ అన్నదో, ఆడ అన్నదో. చెయ్యి ఒక్కసారి కూడా లేవలేదు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక బావ, అంటే అత్త కొడుకు, నన్ను పక్కకి పిలిచాడు. రికార్డింగు పంపమంటే అంతకుముందే పంపాను. బావకి విజయవాడ సంబంధం. అక్కడివాళ్లు అత్త సినిమాల్లో మాట్లాడుతుందని నలుగురికీ చెప్పుకుంటారు.

"చానా బాగుండాది. కానీ ఆ ఈడ, ఆడ తీసెయ్యవే. అమ్మ తెలుగు ఎట్టుండేది! అచ్చు పుస్తకమే. ఇది వింటే, ఈమె ఇట్ట మాట్లాడేదా అంటారు."

"ఇట్టనే మాట్లాడేది బావా. నువ్విప్పుడు మాట్లాడేదీ ఇట్టనే."

"నేనేమన్నా ఆర్టిస్టునా? ఒకసారి ఇక్కడ అని సరిగ్గా చెప్పింది గదా, దాన్నే పెట్టు. మిగిలినవాటికి ఏఐ ఉండాది. అమ్మ గొంతుతోనే ఇక్కడ, అక్కడ అనిపించొచ్చంట. మా ఆఫీసు పిల్లోడు చేసిస్తానన్నాడు."

నాయన వచ్చి కలిశాడు. "చుమ్మా మొండికెయ్యొద్దు పాపా. పెద్ద వయసులో నోరు జారింటాది. ఆమెకి తెలిసుంటే ఆమే మార్చుండేది."

చుమ్మా అనేది మా నాయనకి తమిళంలో బాగా ఇష్టమైన మాట. ఊరికే అని అర్థం. నేను చేసేవన్నీ చుమ్మా కిందికే వస్తాయి.

"ఆమెకి తెలుసు నాయనా" అన్నాను. "చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నాయి."

అదొక్కటే నా వాదన, అంతకంటే నాకు అక్కర్లేదు కూడా. చెవులు ఖాళీగా ఉన్న మనిషి నోరు జారొచ్చు. అత్త తన ప్రతి మాటా మైకులోంచి తిరిగి తన చెవుల్లోకి రాగా విన్నది. జీవితమంతా ఒక్క ఈడనీ దాటనివ్వని చెవి అది. ఆ చెవి విని, వదిలిపెట్టింది. అది జారడం కాదు, ఉంచడం. దాన్ని ఇప్పుడు ఒక మిషన్ చేత దిద్దిస్తే, ఆ థియేటర్లో నవ్వినవాళ్లతో కలిసి మనమూ నవ్వినట్టే.

నా బ్యాగులోంచి హెడ్‌ఫోన్లు తీసి బావ తలకి పెట్టాను. చెయ్యెత్తి ఆగిన చోటు నుంచి వినిపించాను. ఎంగిలాకులు ఎత్తుతున్న హాల్లో, తడి నేల మీద, బావ నిలబడి విన్నాడు. పంపిన రోజు ఫోన్ స్పీకర్లో విన్నాడట, కారులో. ఇప్పుడు కళ్లు నా మీదున్నా నన్ను చూడటం లేదు.

"అమ్మ ఊపిరి తీసుకునేది ఇంత దగ్గిరగా ఉండాదే" అన్నాడు.

హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చాడు. ముక్కు తుడుచుకుని, "అయినా మావాళ్లు నవ్వతారే" అన్నాడు.

"నవ్వనీ బావా."

నాయన నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పెద్దవాళ్ల మాట వింటే నీ సొమ్మేం పోతుంది అంటుంది అమ్మ. నేను విన్నాను. మా అందరిలోకీ పెద్దామె మాటే విన్నాను.

రికార్డింగు చివర ఇంకొంత ఉంది. మాటలన్నీ అయిపోయాక నేను ఆపబోతే అత్త వేలు ఊపి వద్దంది. గది ఊరికే ఉన్న చప్పుడు కూడా తీసుకోవాలట, అతుకులు వేసేటప్పుడు పనికొస్తుందని. ఇద్దరం హెడ్‌ఫోన్లతో ఎదురెదురుగా కూర్చున్నాం. ఎవరింట్లోనో కుక్కరు కూత. మేడ మీద బట్టలు ఆరేస్తూ దులిపే చప్పుడు. స్టేషన్లోంచి ఒక రైలు కదిలి, పలచబడి, పోయింది. అత్త కళ్లు మూసుకుని, ఆ రైలు వెళ్లిన వైపుకి తల కొంచెం తిప్పి, అది పూర్తిగా పోయిన తర్వాత కూడా వింటూనే ఉంది.

ఎపిసోడ్ ఈ శుక్రవారం వస్తుంది. ఒక్క మాట కూడా మార్చడం లేదు.